ఎడమ తలుపూ, ఇతర స్థిరచరాస్తులూ

నేను, అరవై ఆరేళ్ల వయసు గల దానిని, ఒక కార్ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రత్యుత్తర గుమస్తాగా పనిచేసి రిటైరైన దానిని, తోటి ఉద్యోగుల చేత స్టాంపమ్మ అని పిలిపించుకున్న దానిని, ఈ రోజు సంపూర్ణ ఆరోగ్యంతో, స్థిమితమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా సొంత చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఏమనగా:

బుద్ధి స్థిమితంగా ఉందనడానికి ఎవరైనా ఋజువు అడిగితే, ఎనిమిదేళ్లు ఆలస్యంగానైనా ఈ పొద్దున నా కారును సర్వీసు సెంటరుకు తెచ్చానని చెప్పండి. వెయిటింగ్ గదిలో మంచినీళ్ల డబ్బా పక్కనున్న మూడో కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. గాజు అద్దం అవతల నా కారు ఎడమ తలుపు ఊడి, గోడకు ఆనించి ఉంది. రీకాల్ పని, అంటే లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేసే పని, నలభై నిమిషాలు పడుతుందన్నారు. గంటంపావు అయింది. ఈ కంపెనీ నలభై నిమిషాలంటే ఎంతో నాకు తెలుసు. ఆ మాటను వేల ఉత్తరాల్లో టైపు చేసింది నేనే.

1. ఈ వీలునామాను అమలు జరిపే పూర్తి అధికారం నా చెల్లెలి కూతురిది. ఆమె లాయరు. ఇంట్లో అందరం పిల్ల అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా పిల్ల అనే రాస్తాను. వీలునామా ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసిచ్చి, రెండు సంగతులు నొక్కి చెప్పింది. ఒకటి, అంకెలు వేసి విడివిడిగా రాయాలి. రెండు, ఇందులో ఏదైనా వస్తువు పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదు. పెడితే ఆ వస్తువు మీద వాళ్లకు హక్కు పోతుంది. ఈ రెండోదాని వల్ల నాకొక చిక్కు వచ్చింది. తలుపు బాగుచేస్తున్న మెకానిక్కుకు నా టార్చిలైటు రాసిద్దామనుకున్నాను, కానీ ఆయన్ను సాక్షిగా అడిగేశాను. అందుకని బతికుండగానే వెళ్లి చేతికిచ్చి వచ్చాను. దాంతోనే ఇప్పుడు తలుపు లోపలికి చూస్తున్నాడు.

2. మూడో అంతస్తులో ఉన్న నా రెండు గదుల ఇల్లు, అందులోని బీరువా, కుర్చీలు, వంటసామాను, గోడ గడియారంతో సహా పిల్లకు చెందాలి. గడియారం పదకొండు నిమిషాలు ముందుంటుంది. నేను కావాలనే అలా పెట్టాను. కోర్టుకు ఎప్పుడూ ఆలస్యంగా పరిగెత్తే మనిషికి ఇంతకంటే పనికొచ్చే ఆస్తి నా దగ్గర లేదు.

3. నా స్టాంపు. దీని గురించి కాస్త వివరంగా రాయాలి.

మా విభాగానికి కార్ల ఓనర్లు రాసే ఉత్తరాలు వచ్చేవి. ప్రతి ఉత్తరాన్నీ మూడు గడుల్లో ఒకదాంట్లో వేయాలి. లోపం, వాడకం, స్వభావం. లోపం అని వేయాలంటే పై అంతస్తులో ముగ్గురి సంతకాలు కావాలి. ఆ ముగ్గురూ ఒకే రోజు ఆఫీసులో దొరికిన దాఖలా లేదు. వాడకం అని వేస్తే ఓనరుకు కోపం వచ్చి మళ్లీ రాస్తాడు. స్వభావం అని వేయడానికి మాత్రం నా టేబులు మీద ఉన్న రబ్బరు స్టాంపు చాలు. దాని మీద ఇలా ఉంటుంది: "మీరు గమనించిన విషయం ఈ వాహనపు సహజ స్వభావం. మీ ఆదరణకు కృతజ్ఞతలు." చేతిలో పనిగదా అని కొడుతూ పోయాను. ఇంటికొచ్చాక కూడా చేయి ఊరుకునేది కాదు. మా మరిది గురకకు స్వభావం అన్నాను. పిల్ల లెక్కల్లో తప్పితే స్వభావం అన్నాను. పక్కింటి కుక్క నా చెప్పు ఎత్తుకుపోతే మాత్రం లోపం అన్నాను, చెప్పు నాది కాబట్టి.

రిటైరైన రోజు శాలువాకు బదులు ఆ స్టాంపే అడిగి తెచ్చుకున్నాను. దాని రబ్బరు ముఖాన్ని బ్లేడుతో పూర్తిగా చెక్కేసి, చెక్క పిడిని పిల్ల టేబులు మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవాలి. చెక్కకుండా వాడితే నా ఆత్మ ఊరుకోదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

4. మా విభాగపు పెద్దాయనకు, బతికుంటే, నా కారులో చేరిన నీళ్లు తోడిపోసే ప్లాస్టిక్ చెంబు. టాపు కారుతోందని ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకుని ఒక వాక్యం చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని: "వాననీటి స్పర్శ టాపు తెరుచుకునే వాహనం ఇచ్చే ఆనందంలో ఒక భాగం." ఆయన సొంత కారు కారినప్పుడు మాత్రం ముగ్గురి సంతకాలూ మధ్యాహ్నం భోజనం లోపల వచ్చేశాయి. చెంబు అడుగున చిన్న చిల్లు ఉంది. దాన్ని ఆయన ఆనందంలో భాగంగా స్వీకరించాలి.

5. కింది వాటాలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారికి నా బ్యాటరీ చార్జరు. ఇరవై ఏళ్లుగా దాని వైరు ఆయన కిటికీలోంచే వెళ్లింది. వెళ్లినప్పుడల్లా దుమ్మెత్తిపోశాడు. ఒక్కసారి కూడా తీసేయలేదు.

6. ఇక నా కారు. ఇరవై రెండేళ్లది, ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు. ఇది నా చెల్లెలికి చెందాలి. ఆమె దర్జీ. మార్కెట్టు వెనక వీధిలో, ఎడమవైపు మలుపు తిరగ్గానే మొదటి కొట్టు ఆమెది. కారుతోపాటు ఈ కింది గుణాలు కూడా సంక్రమిస్తాయి. ఇవన్నీ ఓనర్ల ఉత్తరాల్లో నేను ముందు చదివి, తర్వాత సొంతంగా అనుభవించినవి.

(అ) టాపు. మీట నొక్కితే సగం దాకా లేచి, అక్కడ ఆగి ఆలోచనలో పడుతుంది. వెనక్కి వెళ్లి అరచేత్తో ఒక్కసారి తట్టాలి. గట్టిగా తడితే అలుగుతుంది. ఒక పళ్ల డాక్టరు తన టాపు నోరు తెరిచినట్టు సగంలో ఆగిందని, వచ్చిన రోగులంతా అదే ప్రకటన అనుకుంటున్నారని రాశాడు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని నవ్వుకుని, స్టాంపు కొట్టాను.

(ఆ) నీళ్లు. టాపు కింద నీరు పోయే గొట్టాల్లో ఆకులు చేరితే కాళ్ల దగ్గర చేపలు పెంచుకోవచ్చు. ఎడమ వైపు చిరిగిన కుట్టును మా చెల్లెలు ఒకప్పుడు మూడు వరసలు వేసి కుట్టింది. టాపు మొత్తంలో చుక్క కారని చోటు అదొక్కటే.

(ఇ) వెనక కిటికీ. ప్లాస్టిక్కుది, పసుపుబారిపోయింది. వెనకొచ్చే వాళ్లంతా కామెర్లు వచ్చినవాళ్లలా కనిపిస్తారు, కంగారు పడవద్దు.

(ఈ) బ్యాటరీ. నాలుగు రోజులు నడపకపోతే కన్నుమూస్తుంది. ఐదో అంశం చూడండి.

(ఉ) హారన్. స్టీరింగు ఎడమకు బాగా తిప్పితే దానంతటదే మోగుతుంది. ఒక సంగీతం మాస్టారు ఇదే ఫిర్యాదు రాస్తూ, ఆపలేకపోతే కనీసం శ్రుతి అయినా మార్చమన్నాడు. మార్చలేదు.

7. ఎడమ తలుపు. దీన్ని కారులోంచి విడదీసి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఈ మోడలుకు రీకాల్ ఉత్తరాలు మొత్తం మూడు వచ్చాయి. మొదటిది పెట్రోలు గొట్టం గురించి. రెండోది డ్రైవరు ముందుండే ఎయిర్‌బ్యాగు గురించి. ఆ రెండూ వచ్చిన వారంలోనే వెళ్లి చేయించుకున్నాను. డ్రైవరును నేనే కదా. మూడోది ఎడమ తలుపు గొళ్లెం గురించి, అంటే పక్కన కూర్చునే మనిషి గురించి. అది ఎనిమిదేళ్లు డ్యాష్‌బోర్డు అరలో ఉండిపోయింది. ఎందుకో చెబుతాను.

తొమ్మిదేళ్ల కిందట ఒక శనివారం పొద్దున మా చెల్లెలిని గుండీల కొట్టుకు తీసుకెళ్తున్నాను. టాపు తీసేసి ఉంది. ఆమె ఒళ్లో సంచి, సంచిలో బ్యాండు మాస్టరు కోటు, దానికి బంగారు రంగు గుండీలు వెతకడానికే వెళ్తున్నాం. గడియారస్తంభం దగ్గర కుడికి తిప్పాను. ఎడమ తలుపు బార్లా తెరుచుకుంది. సీటు బెల్టు ఆమెను పట్టి ఆపింది. సంచిని ఆపేవాళ్లు లేరు. వెనకొస్తున్న బస్సు కోటు మీదుగా వెళ్లిపోయింది.

చెల్లెలు రెండు చేతులతో బెల్టు పట్టుకుని, "తలుపు దానంతటదే తెరుచుకుందక్కా" అంది. తలుపు ఇంకా ఊగుతూనే ఉంది, నేను చూశాను. చూసి కూడా, "నువ్వు సరిగ్గా వేసుండవు" అన్నాను.

ఉత్తరాలు రాసే అలవాటు లేని మనిషి మా కంపెనీకి రెండు పేజీల ఫిర్యాదు రాసింది. గుండుసూది గుచ్చకుండా తెల్ల దారంతో కుట్టి పంపింది. దాంతోపాటు, బట్టలకు కత్తిరించే కాగితం మీద గొళ్లెం నాలుక ఆకారం గీసి, కత్తిరించి, ఎక్కడ అరిగిందో ఎర్ర సుద్దతో గుర్తు పెట్టింది. "రెండు దారప్పోగుల మందం తగ్గింది" అని రాసింది. అది తిన్నగా వచ్చి నా టేబులు మీద పడింది. ఆ రోజు నలభై మూడు ఉత్తరాలున్నాయి, చేయి అలవాటు కొద్దీ పోయింది అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కవరు మీద చేతిరాత చూసినప్పుడే గుర్తుపట్టాను. నా మీద కంపెనీకి రాస్తుందా అని ఒళ్లు మండింది. స్వభావం అని స్టాంపు కొట్టి, కింద ఖాళీలో "తలుపు గట్టిగా వేయడం అలవాటు చేసుకోగలరు" అని టైపు చేసి, ఆమె కొట్టు చిరునామాకే పోస్టు చేశాను.

ఆమె దాన్ని అద్దం పైన గోడకు తగిలించింది. కొట్టుకు వచ్చి కొలతలిచ్చే వాళ్లంతా చదువుకోవచ్చు. ఇంకో పని కూడా చేసింది. పుట్టి మాటలొచ్చిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు అన్న మనిషి, ఆ రోజు నుంచి మీరు అనడం మొదలుపెట్టింది. రండి, కూర్చోండి, భోంచేశారా. మా మరిది ముందు, పిల్ల ముందు, అందరి ముందూ. మాట్లాడటం మానేసుంటే నయం, కాస్త తిట్టుకుని కలిసిపోయేవాళ్లం. మర్యాదతో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు. ఇక కారు సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కడికైనా వెళ్లాలంటే, "మీరు పదండి, నేను బస్సులో వస్తాను" అనేది.

ఆ మరుసటి ఏడే రీకాల్ వచ్చింది. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. "కుడివైపు మలుపుల్లో ఎడమ తలుపు తెరుచుకునే అవకాశం ఉన్నట్టు గుర్తించాము." నాలుగువేల పైచిలుకు ఓనర్లకు పంపాం. అందులో ఒకటి నా పేరున ఉంది. ఆఫీసులో నేనే మడిచి, నేనే కవరులో పెట్టి, మూడు రోజుల తర్వాత ఇంట్లో నేనే అందుకున్నాను. తలుపు చేయించడమంటే చెల్లెలు చెప్పింది నిజమని ఒప్పుకోవడం. అందుకని చేయించలేదు. ఆమె సీటు కింద మరిచిపోయిన కొలత టేపు ఉంటే, దాంతో తలుపు పిడిని సీటుకు కట్టేశాను. ఎడమకు తిప్పితే హారన్ మోగుతుంది, కుడికి తిప్పితే తలుపు భయం. అందుకే ఎనిమిదేళ్లుగా నేను వీలైనంతవరకు తిన్నగా వెళ్లే పనులే పెట్టుకున్నాను. చెల్లెలి వీధికి ఎడమ మలుపు కాబట్టి అటు కారులో వెళ్లనే లేదు.

పోయిన బుధవారం పిల్లను కోర్టు దగ్గర చూశాను. చేతినిండా ఫైళ్లు. నేను వద్దనేలోపు ఎడమ తలుపు మీదుగా కాలేసి దూకి సీట్లో కూర్చుంది. గడియారస్తంభం దగ్గర వేరే దారి లేక కుడికి తిప్పాను. తలుపు రెండంగుళాలు తెరుచుకుంది, టేపు బిగుసుకుని ఆగింది. పిల్ల అరవలేదు. టేపు మీద అంకెలు చూసి, "పెద్దమ్మా, ఇది అమ్మ టేపు కదా" అంది. ముప్పై ఒక్కేళ్లలో కొన్ని వేల మంది భయాన్ని చదివాను. నాకు భయం వేయడం అదే మొదటిసారి. కారు పక్కకు ఆపి, చాలాసేపు స్టీరింగు వదల్లేదు. సాయంత్రం పిల్లకు మొత్తం చెప్పేశాను. అంతా విని, ఇంత గుండె బరువు పెట్టుకున్న మనిషి వీలునామా రాసిపెట్టుకోవడం మంచిదంది. దాని మాటల్లో వెటకారం ఎంతో, సలహా ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

ఈ పొద్దున కౌంటరులో కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూసి, "మేడం, ఈ రీకాల్ వచ్చి ఎనిమిదేళ్లయింది" అంది. మెకానిక్కు టేపు ముడి విప్పుతూ, "ఇంతకాలం ఎలా నడిపారండీ" అన్నాడు. వెయిటింగ్ గదికి వచ్చి కలం తీశాను. నేను జవాబులు రాసిన మనిషిని.

కాబట్టి, బాగుచేసిన ఎడమ తలుపు, మూడో రీకాల్ ఉత్తరం, ఎనిమిదేళ్లు తలుపును పట్టుకున్న కొలత టేపు, ఈ రోజు ఊడదీసిన పాత గొళ్లెం నా చెల్లెలికి చెందాలి. టేపు తొంభై నుంచి నూట పది మధ్య సాగిపోయింది, దాంతో ఎవరి నడుమూ కొలవవద్దు. గొళ్లెం నాలుకను మెకానిక్కు ఇప్పుడే గుడ్డలో చుట్టి తెచ్చి చూపించాడు. కావలిస్తే ఆమె తన కాగితం ముక్కతో సరిపోల్చుకోవచ్చు. నేను సరిపోల్చాల్సిన పనిలేదు. రెండు దారప్పోగుల మందమే తగ్గింది.

8. ఆమె ఒక్కతే కాదు. ఎడమ తలుపు గురించి రీకాల్ కంటే ముందు రాసినవాళ్లు మరో పదకొండు మంది. పది ఉత్తరాలకు స్టాంపు కొట్టాను. పదకొండో ఆయనకు భుజం ఎముక విరిగింది. ఆ ఉత్తరానికి స్టాంపు కొట్టడానికి చేయి రాలేదు, అలాగని పైకి పంపడానికి ధైర్యమూ రాలేదు. కింది సొరుగులో పెట్టాను. అదే ఎక్కువ తప్పు. ఆ చిరునామాలన్నీ నా బీరువాలో నీలం ఫైలులో ఉన్నాయి. వాళ్లకు నా చేత్తో ఉత్తరాలు రాయడం మొన్ననే మొదలుపెట్టాను, నాలుగు అయ్యాయి. నేను పోయేనాటికి మిగిలిపోతే పిల్ల పూర్తి చేయాలి. పెద్దగా రాయక్కర్లేదు. "మీరు చెప్పింది నిజం. అది లోపమే" అంటే చాలు. మీ ఆదరణకు కృతజ్ఞతలు అని మాత్రం రాయవద్దు.

9. నా చెల్లెలు కారు వద్దంటే, లేదా ఏ కారణం చేతనైనా ఆమెకు అది చెందకపోతే, అది పిల్లకు వెళ్లాలి.

10. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. కోపంలో నోటితో అన్నవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. ముఖ్యంగా "నా కారు ఛాయలకు రావద్దు" అన్నది చెల్లదు.

తలుపు బిగించారు. మెకానిక్కు దాన్ని మూడుసార్లు తెరిచి మూశాడు. నన్నూ మూయమన్నాడు. మూశాను, గట్టిగా వేయాల్సిన అవసరమే రాలేదు. పైన రాసినదంతా ఒకసారి చదువుకుని, ఒక్క అక్షరం కూడా కొట్టేయకుండా, ఈ కింది ఇద్దరి ఎదుట ఇష్టపూర్వకంగా సంతకం పెడుతున్నాను. ఇక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి వెళ్లను. మార్కెట్టు వెనక వీధికి ఎడమకు తిప్పుతాను. హారన్ ఎలాగూ మోగుతుంది, పిలవాల్సిన పని తప్పుతుంది.

తేదీ: రెండువేల ఇరవై ఆరు, ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా.

సంతకం: స్టాంపమ్మ, మాజీ ప్రత్యుత్తర గుమస్తా

మొదటి సాక్షి: తలుపు బాగుచేసిన మెకానిక్కు (టార్చిలైటు ముందే అందింది)

రెండో సాక్షి: కౌంటరు అమ్మాయి

అనుబంధం, అదే రోజు మధ్యాహ్నం, దర్జీ కొట్టులో రాసినది: హారన్ మోగింది. చెల్లెలు కత్తెర చేత్తోనే బయటికి వచ్చింది. కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. కుట్టుమిషను మీద పరుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఏడో అంశం రెండుసార్లు చదివింది. గొళ్లెం విప్పి చూసి, గోడ మీది నా ఉత్తరం దించి, పిల్లకు ఫోన్ చేసి ఏదో అడిగి, నా కలం అడిగి తీసుకుంది. సాక్షి సంతకం పెడితే కారు పోతుందని నేను చెబుతూనే ఉన్నాను. వినలేదు. కింద ఉన్నది ఆమె చేతిరాత.

మూడో సాక్షి: దర్జీ. అంతా చదివే సంతకం పెడుతున్నా. పెడితే కారు నాకు రాదని పిల్ల కూడా చెప్పింది. రాకపోతే పోయింది, తర్వాత పిల్లే నడుపుకుంటుంది. ఇప్పటికి నువ్వే నడుపు. రేపు పదింటికి గుండీల కొట్టుకు వెళ్లాలి. గడియారస్తంభం దగ్గర కుడికి తిప్పే దారిలోనే తీసుకెళ్లు అక్కా.